తిడుతూ వచ్చే మనిషి

జానుజాక్‌కు కోపం ముక్కు మీద ఉంటుందని ఊళ్ళో అంటారు గాని, అది తక్కువ చేసి చెప్పడమే. ఆయనకు ఒళ్ళంతా కోపమే. అక్కడ టీ ఉప్పేసి తాగుతారు, ఆ ఉప్పు తగ్గితే కోపం. గుర్రం అవసరానికి మించి తోక ఊపితే కోపం. ఎదురింటి పెద్దబాతులు దారికి అడ్డం వస్తే మాత్రం ముందు భయం, ఆ భయం ఎవరి కంటా పడకుండా మళ్ళీ కోపం. సామూహిక క్షేత్రంలో ముప్పై ఏళ్ళు ట్రాక్టరు నడిపిన మనిషి, చలికాలంలో చెయ్యి విరిగినా కిక్కురుమనకుండా ఒంటి చేత్తో ఇల్లు చేరిన మనిషి, బాతు మెడ సాచి బుస్సుమంటే ఎవరి కంచె అని చూడకుండా ఎక్కేస్తాడు.

నారిన్ పట్నానికి ఎగువన, కొండల్లోని సారీ-బెల్ ఊళ్ళో ఆయన తిట్లు విని నొచ్చుకునేవాళ్ళు లేరు. పైగా అవి వినబడితే ఊరట. సందు మొదట్లోంచే కుక్కనో, గేటునో, పైనున్న మబ్బునో తిట్టుకుంటూ వస్తున్నాడంటే అది మామూలు రాక. రంపం అడగడానికో, ఊరికే కాసేపు కూర్చోవడానికో అయి ఉంటుంది. ఆడవాళ్ళు పిండి పిసుకుతూనే నవ్వుకుంటారు. అదే జానుజాక్ నోరు మూసుకుని, ఉన్ని టోపీ సరిగ్గా పెట్టుకుని, గేటు కిర్రుమనకుండా తీసుకుని వచ్చాడా, చేతిలో పిండి చేతిలోనే ఉండిపోతుంది. ఎందుకంటే ఆ ఊళ్ళో చావు కబురు చెప్పేది ఆయనే.

అక్కడ ఆ పని ఎవరు పడితే వాళ్ళు చెయ్యరు. మనిషి పోయాడన్న సంగతి ఊరందరికీ తెలిసినా, తెలియాల్సిన ఇంటికి చివరన తెలుస్తుంది. ఆ ఇంటివాళ్ళను ముందు ఏదో వంకతో కూర్చోబెట్టి, కడుపులో ఇంత తిండి పడేదాకా చూసి, అటూ ఇటూ గట్టివాళ్ళు చేరాక, పెద్దవాళ్ళ ఎదుట, ఒక తీరుగా చెప్పాలి. అప్పటిదాకా ఎవరి కంట్లోనూ తడి కనబడకూడదు. చెప్పాక ఎంత ఏడ్చినా ఎవరూ ఆపరు. జానుజాక్ ఒక ఇంట్లో చెప్పిన మాట ఇంకో ఇంట్లో చెప్పేవాడు కాదు. పోయినవాడి బతుకులోంచే మాట తీసేవాడు. తేనెపట్లవాడి భార్యతో తేనెటీగలు ఈ ఏడు యజమాని లేకుండా పూలకు పోతాయని చెప్పాడు. ఆవిడ ఆ మాట పట్టుకుని ఏడవగలిగింది. పట్టుకోవడానికి ఏదీ లేకపోతే మనిషి మునిగిపోతుందని ఆయన నమ్మకం.

ఆ నమ్మకం ఎక్కడిదో ఆయన చెల్లెలు కాలీచాకు తెలుసు. వాళ్ళ నాన్న గొర్రెల కాపరి. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉండగా కొండ మీద మంచు విరిగిపడి పోయాడు. క్షేత్రం గుమాస్తా గుర్రం దిగకుండానే గోడ మీదుగా తల పెట్టి, "మీ ఆయన్ని మంచు మింగేసింది, ఆఫీసుకొచ్చి వేలిముద్ర వెయ్యి" అని అరిచి, వేరే పనుంది కాబోలు, వెళ్ళిపోయాడు. అమ్మ ఆవు పాలు పితుకుతూ ఉంది. చీకటి పడేదాకా అలాగే కూర్చుంది, చెయ్యి పొదుగు మీద నుంచి తియ్యకుండా. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కొట్టంలో అడుగు పెట్టలేదు. పాలు పితకడం అన్నాచెల్లెళ్ళ పాలిట పడింది. పెద్దయ్యాక తోటి ట్రాక్టరు డ్రైవరు ఒకడు చనిపోతే, వాడి పెళ్ళానికి చెప్పడానికి అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. జానుజాక్ లేచాడు. ఆ గుమాస్తా గోడ మీదుగా పెట్టిన తల ఆయన కళ్ళ ముందు ఉండబట్టి లేచాడు, ధైర్యం ఉండి కాదు. చెప్పి వచ్చాక ట్రాక్టరు వెనక్కు పోయి వాంతి చేసుకున్నాడు. ఊరివాళ్ళు మాత్రం, "వీడు గుండె గల మనిషి" అన్నారు. అంతే, ఆ పని ఆయన మెడకు చుట్టుకుంది.

ఇప్పుడు ఆయన అలిసిపోయాడు. మోకాళ్ళు సరే, అవి ఎవరికైనా అరుగుతాయి. పెళ్ళి భోజనంలో కూర్చుంటే పక్కవాళ్ళు ఓ క్షణం ముద్ద ఆపి ఆయన మొహం చూస్తారు చూడండి, దానికి అలిసిపోయాడు. ఈ వసంతంలో పెద్దల దగ్గరికి వెళ్ళి, "చెప్పి చెప్పి నా నోరు చేదెక్కింది. ఇంకెవరినైనా చూసుకోండి" అన్నాడు. పెద్దలు గడ్డాలు నిమురుకుని, నిజమే నిజమే అన్నారు. వేసవిలో మళ్ళీ ఆయన తలుపే తట్టారు.

ఆలుగడ్డలు తవ్వే రోజుల్లో, ఒక తెల్లవారుజామున ఆయన ఇంట్లోనే ఫోను మోగింది. కాలీచా కొడుకు తాలాయ్ బొగ్గు లారీ నడుపుతాడు. కనుమలో మొదటి మంచు పడి లారీ దొర్లింది. తాలాయ్ పోయాడు. శవాన్ని మధ్యాహ్నానికి తెస్తామని తోటి డ్రైవరు ఏడుస్తూ చెప్పాడు.

జానుజాక్ ఫోను పెట్టేసి, బూట్లు తొడుక్కోబోయి, కుడిది ఎడమ కాలికి తొడుక్కుని, విప్పి, మళ్ళీ అలాగే తొడుక్కున్నాడు. కాలీచాకు మొగుడు లేడు. ఉన్నది తాలాయ్ ఒక్కడే. జానుజాక్‌కు అందరూ ఆడపిల్లలే. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ట్రాక్టరు చక్రం తిప్పడం నేర్పింది ఆయనే. పెళ్ళి మాట ఎత్తితే చాలు, లారీలో పనుందని లేచిపోయేవాడు. మేనల్లుడు మేనమామ ఇంట్లో ఏది కావాలన్నా పట్టుకుపోవచ్చు, మామ కాదనకూడదు, అది అక్కడి హక్కు. తాలాయ్ ఆ హక్కును వాడుకోకుండా ఒక్క రోజూ వదల్లేదు. వెండి పిడి కత్తి పోయింది, కొరడా పోయింది, పోయిన ఏడు మంచి జీను కూడా పోయింది. మేనల్లుడు రావడం కంటే ఏడు తోడేళ్ళు రావడం మేలని ఊరికే అనలేదు పెద్దలు అని జానుజాక్ ఊరంతా చాటేవాడు. చాటుతున్నప్పుడు ఆయన మొహం మతాబాలా వెలిగేది.

"ఈసారి నువ్వొద్దు" అంది ఆయన భార్య జూరాకాన్, కొంగుతో నోరు కప్పుకుని. "నీ చేతుల్లో పెరిగినోడు. ఇంకెవరితోనైనా చెప్పిద్దాం, ముసలాయనా."

"ఎవరితో? షామిర్‌కాన్‌తోనా?"

షామిర్‌కాన్ కాలీచా మరిది. నది అవతలి ఊరు. మనసు వెన్న, గొంతు గాడిదది. పెళ్ళిళ్ళలో కూడా ఏడుస్తాడు. దుఃఖం ఉన్న ఇంటికి వచ్చే మగవాళ్ళు దూరం నుంచే గట్టిగా ఏడుస్తూ రావడం అక్కడి మర్యాద. షామిర్‌కాన్ ఆ మర్యాదను అరమైలు ముందే మొదలుపెడతాడు. ఇంటివాళ్ళకు ఇంకా చెప్పారా లేదా అని ఆగి అడిగే మనిషి కాదు.

"వాడి ఏడుపు వాడికంటే ముందొస్తుంది" అన్నాడు జానుజాక్. "కాలీచా గోడవతల నుంచి వినకూడదే. మా అమ్మ విన్నట్టు వినకూడదు. నేనే చెప్తా."

ఆయనకు ఆ పొద్దున కావాల్సింది అదొక్కటే. పెద్దలు తయారై వచ్చేదాకా కాలీచాకు తెలియకూడదు. తెలిసేటప్పుడు ఆయన నోటి నుంచే తెలియాలి. పక్కింటి ఓమూర్‌జాక్‌ను పిలిచి వంతెన దగ్గర నిలబెట్టాడు, షామిర్‌కాన్ కారు కనబడితే ఆపమని. కానీ తను వెళ్ళకుండా కూర్చోవడానికి లేదు. రోజూ మొదటి టీ ఆయన చెల్లెలి ఇంట్లోనే తాగుతాడు. ఈ రోజు వెళ్ళకపోతే అదే కబురవుతుంది.

"పెళ్ళి సంబంధం మాట్లాడ్డానికి వస్తున్నాం అందాం" అంది జూరాకాన్. "నేనూ రావచ్చు, పెద్దోళ్ళూ రావచ్చు."

"నోర్ముయ్" అన్నాడు జానుజాక్. "చచ్చినోడికి సంబంధమా? ఆ ఆశ దాని నెత్తిన పెట్టి మళ్ళీ నేనే లాక్కోవాలా? జీను అడగడానికి పోతా. వారం వారం అడిగేదే."

సందు తిరిగేసరికి మొదలుపెట్టాడు. కాలీచా కుక్కను దాని ఏడు తరాలతో కలిపి తిట్టాడు. గేటు గొళ్ళెం చేసిన కమ్మరిని తిట్టాడు. ఎదురింటి పెద్దబాతు ఒకటి మెడ సాచి వచ్చింది. ఆయన దాని పక్క నుంచే నడిచి వెళ్ళిపోయాడు, కంచె వైపు కూడా చూడలేదు. ఆ సంగతి ఆయన గమనించలేదు. వెనక వస్తున్న జూరాకాన్ గమనించింది.

"వస్తున్నాడు వస్తున్నాడు, ఊరు లేపుకుంటూ" అంది కాలీచా గుమ్మంలోంచి. చేతులకు ఆలుగడ్డల మన్ను ఉంది. "ఏం వదినా, నువ్వూ వచ్చావేంటి పొద్దున్నే? మా అన్నని ఒక్కణ్ణీ పంపితే జీను మోసుకుపోలేడనా?"

"నా ఫోను పాడైంది కాలీచా" అంది జూరాకాన్. "నీదోసారి ఇస్తావా? అమ్మాయితో మాట్లాడాలి."

కాలీచా వదిన మొహంలోకి ఒక్క క్షణం చూసింది. ఫోను తెచ్చి ఇచ్చింది. బయటి నుంచి ఏ కబురూ రాకుండా జూరాకాన్ దాన్ని చాటుగా ఆపేసి దాచుకుంది. కాలీచా చేతులు కడుక్కుని, టీ నీళ్ళు కాగే సమోవార్ దగ్గర కూర్చుంది.

"ఏదే నా జీను?" అన్నాడు జానుజాక్ కంబళి మీద చతికిలబడుతూ.

"నన్నడుగుతావేం? పట్టుకుపోయినోణ్ణి అడుగు. రేపొస్తాడుగా."

"ఆ... రానీ. వస్తే వాడి తోలు ఒలిచి దాంతోనే కొత్త జీను కుట్టిస్తా."

ఈ మాట ఆయన ప్రతి వారం అనేదే. ఈ రోజు కూడా మామూలు గొంతుతోనే అన్నాడు. అంత నిబ్బరం తనకెక్కడిదో ఆయనకే తెలియలేదు. కాలీచా పాలు కలిపి, గిన్నెలో సగానికి టీ పోసి ఇచ్చింది. ఆయన తాగాడు. ఖాళీ గిన్నె చాపాడు. మళ్ళీ పోసింది. అదీ తాగాడు. నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టె ముక్క తుంచి మీగడలో ముంచి నోట్లో పెట్టుకుని, "నువ్వూ తిను, పొద్దుట్నించీ ఏం తిన్నావో ఏమో" అన్నాడు. కాలీచా రొట్టె తీసుకుంది. నెమ్మదిగా, నమిలి నమిలి, ఆ ముక్క మొత్తం తిన్నది.

అప్పుడు జూరాకాన్ తన గిన్నె ఎత్తి ఒక గుక్క తాగింది. టీలో ఉప్పు లేదు. ఒక్క కల్లు కూడా లేదు. ఆమె మొగుడి వైపు చూసింది. రెండు గిన్నెలు తాగిన ఆ మనిషి మూతి తుడుచుకుంటూ ఉన్నాడు. ఉప్పు తగ్గితే గిన్నె నేలకేసి కొట్టిన రోజులున్న మనిషి.

పెద్దలు ఇద్దరు వచ్చారు, దారిన పోతూ వచ్చామంటూ. ఇరుగింటి ఆడవాళ్ళిద్దరు ఏదో మగ్గం మాట చెప్పుకుంటూ వచ్చి కాలీచాకు చెరోపక్కా కూర్చున్నారు. ఆలుగడ్డల ధర గురించి మాట్లాడారు. ఎవరి గొంతూ వణకలేదు. ఊరంతా ఆ పొద్దున అలాగే ఉంది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు నీళ్ళకు పోట్లాడుతున్నారు, చక్రాలు బాగుచేసేవాడు సుత్తితో కొడుతున్నాడు. అందరికీ తెలుసు, అందరూ పళ్ళ బిగువున ఉన్నారు.

జానుజాక్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇక మొదలుపెట్టాలి. అన్ని ఇళ్ళలో అంత తేలిగ్గా దొరికిన మాట, తన చెల్లెలి ఇంట్లో మొండికేసింది. అయినా నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఇంటి వెనక నది వైపు నుంచి వినబడింది.

"అయ్యో నా బిడ్డోయ్! నా కొండ కూలిపోయిందిరో దేవుడోయ్! తాలాయ్!"

షామిర్‌కాన్. తెల్లారి కారు మొరాయిస్తే గుర్రమెక్కాడు. గుర్రం వంతెన దాకా పోకుండా రేవులోంచే దిగి నది దాటింది. వంతెన దగ్గర ఓమూర్‌జాక్ ఇంకా కారు కోసమే చూస్తున్నాడు.

గదిలో అందరూ బిగుసుకుపోయారు. జానుజాక్ చేతిలో టోపీ నలిగిపోయింది. గోడవతల నుంచి వచ్చింది మళ్ళీ, యాభై ఏళ్ళ తర్వాత, అదే కుటుంబానికి. ఆయనకు లేచి వెళ్ళి షామిర్‌కాన్ గొంతు నొక్కాలనిపించింది.

కాలీచా కదల్లేదు. రొట్టె పొడి ఒళ్ళోంచి అరచేతిలోకి తీసుకుంది.

"ఎవరన్నా పోయి ఆయన్ని కాసేపు ఆపండమ్మా" అంది. "మా అన్న ఇంకా నాకు చెప్పలేదు."

పక్కనున్న ఆడమనిషి లేచి పరుగెత్తింది. ఏడుపు గొంతులోనే మింగినట్టు సగంలో ఆగింది.

"నీకు..." అన్నాడు జానుజాక్.

"ఉప్పెయ్యలేదన్నా టీలో. కావాలనే వెయ్యలేదు. వదిన ఫోను అడిగినప్పుడే గుండెలో రాయి పడింది. పోనీలే, నా అనుమానమేమో, మా అన్న తిట్టాడంటే ఏం లేనట్టే అనుకున్నా. మొదటి గిన్నె తాగావు. రెండోది కూడా తాగావు." ఆమె అరచేతిలోని రొట్టె పొడిని గిన్నె పక్కన పెట్టింది. "నువ్వు తినమన్నావని రొట్టె తిన్నా. బలం ఉండాలంటావుగా నువ్వు. ఇంక చెప్పు. ఊళ్ళో అందరికీ చెప్పావు, వాళ్ళాయన పోతే చెప్పావు, వీళ్ళబ్బాయి పోతే చెప్పావు. నా మొగుడు పోయినప్పుడూ నువ్వే చెప్పావు. నా కొడుక్కి తక్కువ చెయ్యకన్నా."

జానుజాక్ నలిగిన టోపీని మోకాలి మీద సాపు చేశాడు. పెద్దల్లో ఒకాయన సాయంగా దగ్గాడు, ఆయన వినలేదు.

"చెల్లీ" అన్నాడు చివరికి. "నీ కొడుకు నా ఇల్లు దోచేశాడు. కత్తి పట్టుకుపోయాడు. కొరడా పట్టుకుపోయాడు. ఏడు తోడేళ్ళొచ్చినా నయం, వీడు రాకూడదన్నా. నలుగురిలో అన్నా. ఆ జీను... ఆ జీను ఇంక నేనడగనే. ఈ రోజు నుంచి నా వాకిలి తీసే పెడతా. ఏడు తోడేళ్ళూ వచ్చి ఉన్నదంతా పట్టుకుపోనీ. తోడేళ్ళే వస్తాయి చెల్లీ. వాడు రాడు."

ఆగాడు. తర్వాతి మాటలు మామూలుగా చెప్పాడు. కనుమలో మంచు పడిందని, లారీ దొర్లిందని, ఇచ్చినవాడే తీసుకున్నాడని.

"నొప్పి తెలిసిందా వాడికి?"

"లేదన్నాడు డ్రైవరు."

"నిజమేనా? నువ్వు అందరికీ చెప్పే మాటా?"

ఆ మాట ఆయన ఎన్నో ఇళ్ళలో చెప్పాడు. ఏ తల్లీ ఇలా ఎదురడగలేదు.

"తెలీదే" అన్నాడు. "నాకు తెలీదు."

కాలీచా తల ఊపింది. జుట్టు విప్పి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి కేకకు గదిలో ఉన్నవాళ్ళందరూ పొద్దుటి నుంచీ ఆపుకున్నది ఒక్కసారి వదిలేశారు. కుళాయి దగ్గర బిందెలు ఆగాయి, సుత్తి ఆగింది. జానుజాక్ బయటికి వచ్చి, వాకిట్లో గుర్రం కళ్ళెం పట్టుకుని దోషిలా నిలబడ్డ షామిర్‌కాన్ భుజం మీద తల పెట్టి, ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినని గొంతుతో ఏడ్చాడు. షామిర్‌కాన్ ఆయన్ని పట్టుకుని, జీవితంలో మొదటిసారి, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

నలభయ్యో రోజు భోజనాలు పెట్టారు. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ మర్నాడు పొద్దున కాలీచా ఒక్కతే ఇంట్లో కూర్చుని ఉంటే సందు మొదట్లోంచి తిట్లు వినబడ్డాయి. కుక్కను, దాని తాతముత్తాతలను, గొళ్ళేన్ని, కమ్మరిని, పడుతున్న మంచును. గొంతులో పూర్వపు బలం లేదు. మధ్యలో దగ్గు కూడా వచ్చింది. అయినా ఒక్క తిట్టూ మానలేదు. గేటు దగ్గర కాసేపు ఆలస్యమైంది, బాతు కాబోలు.

"ఇంకా ఎందుకన్నా ఆ తిట్లు?" అంది కాలీచా, ఆయన కూర్చున్నాక. "నాకింకెవరున్నారని, భయపడతానని? నువ్వు నోరు మూసుకుని వచ్చినా ఇక్కడ ఉలిక్కిపడేవాళ్ళు లేరు."

జానుజాక్ టోపీ మీది మంచు దులుపుకున్నాడు.

"మిగిలింది నువ్వొక్కడివే" అంది ఆమె సమోవార్ కుళాయి తిప్పుతూ. "మరి నీ కబురు నాకెవరు చెప్తారు? ఆ షామిర్‌కానా?"

"వాడొస్తే తలుపు తియ్యకు."

కాలీచా నవ్వింది. నవ్వు సగంలో వేరేదిగా మారబోతే పెదవి కొరికి ఆపుకుని, టీ పోసి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించి గిన్నెను ఠపీమని కింద పెట్టాడు.

"ఉప్పేదే ఇందులో? గడ్డి నీళ్ళలా ఉంది!"

ఉప్పు సరిపడా ఉంది. అయినా కాలీచా లేచి, ఇంకో చిటికెడు వేసింది.